నీడ ఎటు పడింది?

పుష్య అమావాస్య

ఓడ ఎక్కేశాం. "రోజూ ఏం జరిగిందో రాసిపెట్టు, వచ్చాక తీరిగ్గా చదువుకుంటాను" అని మా ఆయన ఈ పుస్తకం నా సంచిలో పెట్టారు. ఆయనకి సెలవు దొరకలేదు. కొత్త కాకినాడలో సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే కేంద్రంలో పని. తను ఒక్కరోజు వెళ్ళకపోతే ఊరంతా దాహంతో అల్లాడిపోతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని ఆయన తల్లిని నేను తీసుకొచ్చాను.

అత్తయ్య పక్కనే కూర్చుని ఏం రాస్తున్నావే అని అడుగుతోంది. మీ గురించేనండీ, అన్నీ మంచివే అన్నాను. ఆవిడకి అక్షరాలు కనపడటం మానేసి చాలా కాలమైంది. మనుషులు, గోడలు, వెలుతురు మసగ్గా తెలుస్తాయంతే. కాబట్టి ఆవిడ మీద ఫిర్యాదులన్నీ ఇక్కడ ధైర్యంగా రాసుకోవచ్చు.

మొదటి ఫిర్యాదు పిడకలు. ఓడ ఎక్కేచోట సంచులు చూసే యంత్రం అత్తయ్య సంచి దగ్గరికి వచ్చేసరికి కుయ్యోమని అరిచింది. తెరిస్తే తడిగుడ్డలో చుట్టిన జిల్లేడాకులు, చిక్కుడాకులు, కొత్త ఇత్తడి గిన్నె, ఆవకాయ సీసా, అడుగున చీరల మధ్య పిడకలు. ఆ కుర్ర ఉద్యోగి ఒకటి పట్టుకుని తిప్పి తిప్పి చూసి ఇదేంటండీ అన్నాడు.

"ఆవు పేడ నాయనా. రథసప్తమికి పాలు పొంగించాలి కదా."

వాడు చటుక్కున వదిలేసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఓడ మీద నిప్పు కుదరదు, ఇవి ఇక్కడే వదిలెయ్యాలన్నాడు. అత్తయ్య అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనక వరసంతా ఆగిపోయింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ముందే చెప్పాను ఇవి వద్దని. విన్నారా? వినరు.

అప్పుడొచ్చింది సుభాషిణి. నా వయసే ఉంటుంది, నీలం చీర, నవ్వు మొహం. మాలాగే ప్రయాణికురాలు. "పెద్దావిణ్ణి కంగారు పెట్టకండి బాబూ" అని ఆ కుర్రాడితో ఏదో మాట్లాడి, పిడకల్ని ఓడ సామాన్ల గదిలో పెట్టించి, అత్తయ్యని లేవదీసింది. లోపల కాఫీ వచ్చేలోపు ఊరు, పేరు, పుట్టిల్లు అన్నీ అడిగేసింది. అత్తయ్య పుట్టిల్లు గొల్లప్రోలు అనగానే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"మా మేనత్తని ఇచ్చింది గొల్లప్రోలేనండీ! మా మావయ్య మీకు అన్నయ్య వరస అవుతారంటే మీరు నాకు పిన్ని. మీ అబ్బాయి నాకు అన్నయ్య. అంటే నువ్వు నాకు వదినవే తల్లీ!"

వరస కలిశాక ఇంకేముంది. పిన్నిగారూ, వదినా అంటూ మధ్యాహ్నానికల్లా మా ఇంటి మనిషైపోయింది. పోయినేడు భర్తతో ఇదే ఓడ మీద వచ్చిందట. ఆయన పోయాక ఒంటరిగా మళ్ళీ వచ్చిందట. సూర్యుణ్ణి చూసిందట. ఆ మాట అంటున్నప్పుడు అత్తయ్య ఆవిడ చేతిని తన చేతిలోంచి వదల్లేదు.

మాఘ శుద్ధ పాడ్యమి

చంద్రుడు కనపడకపోయినా తిథులు మాత్రం తప్పకుండా వస్తున్నాయి. క్యాలెండర్ లేకపోతే అవి కూడా ఉండవు.

నేను పుట్టిన ఏడే ఆకాశం మీద పందిరి వేశారు. అంతకు ముందు ఎండలకి జనం రోడ్ల మీదే కూలిపోయేవారట. విమానాలతో ఏదో పొడి చల్లి సూర్యుణ్ణి కప్పేశారు, ఇప్పటికీ చల్లుతూనే ఉన్నారు. నాకు తెలిసిన ఆకాశం గంజి రంగు. పగలంటే ఆ గంజి కాస్త తెల్లబడటం. అత్తయ్యకి మాత్రం ఎండ గుర్తుంది. కొత్త కోడలిగా ఆవిడ రథసప్తమి నాడు డాబా మీద పాలు పొంగించిన కథ నేను కొన్ని వందలసార్లు విన్నాను. గోడ తెర మీద పాత సూర్యుణ్ణి చూపిస్తే, "ఫొటోకి దణ్ణం పెట్టుకునేదానికి పండగెందుకే" అని మొహం తిప్పేసుకుంటుంది. కళ్ళ డాక్టరు మొన్న నన్ను పక్కకి పిలిచి, ఉన్న ఆ కాస్త చూపూ ఉగాది దాకా ఉంటే గొప్ప అన్నాడు. నేను చెప్పలేదు గానీ అత్తయ్యకి తెలిసినట్టే ఉంది. ఒక్కసారి ఆ సూర్యుణ్ణి చూపించి తీసుకురావే, తర్వాత ఏమైనా కానీ అంది.

దక్షిణాన పందిరికి ఒక అంచు ఉందనీ, రథసప్తమి నాడు అక్కడ సూర్యుణ్ణి కళ్ళారా చూడొచ్చనీ ఈ 'ఉదయభాను' ఓడవాళ్ళ ప్రకటన. మూడేళ్ళ కిందట పేర్లు రాయించుకుంటే ఇప్పటికి పిలుపొచ్చింది.

ప్రకటనలో మా గదికి సముద్రం వైపు కిటికీ అని ఉంది. పొద్దున్నే ఉత్సాహంగా తెర లాగాను.

"ఏంటే, సముద్రం నారింజ రంగులో ఉందీ?" అంది అత్తయ్య.

సముద్రం కాదు. ప్రమాదం వస్తే దింపే పడవ. దాని పొట్ట మా కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది. వంగి, మెడ తిప్పి, చెంప గోడకి ఆనిస్తే ఒక మూల బెత్తెడు నీళ్ళు కనపడతాయి. స్నానానికి వస్తున్న నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఈతకొలను చుట్టూ తాడు కట్టేశారు. ప్రకటనలో అరిటాకు నిండా పదార్థాలున్నాయి. ఇక్కడ ఇడ్లీని గోడకేసి కొడితే తిరిగి చేతికి వచ్చేలా ఉంది. అత్తయ్య ఆవకాయ సీసా మీద మూత తీసినప్పుడల్లా పక్క బల్లల వాళ్ళు ఏదో పని ఉన్నట్టు ఇటు వస్తున్నారు. వద్దన్న సీసాయే మా పరువు నిలబెట్టింది. ఆ మాట ఆవిడతో అనను.

ఫిర్యాదు చేద్దామని బయల్దేరితే సుభాషిణి వదిన ఆపింది. "నాకూ పోయినేడు పడవ ఉన్న గదే ఇచ్చారు వదినా. గాలి హోరు ఉండదు, పిన్నిగారు హాయిగా పడుకుంటారు. మనం ఇడ్లీ కోసం వచ్చామా చెప్పు?" నిజమే అనిపించింది. తిరిగొచ్చేశాను.

తదియ

మధ్యాహ్నం ముగ్గురం పై అంతస్తులో కూర్చున్నాం. కింద సముద్రం మీద నాచు చాపలా పరుచుకుని ఉంది. అత్తయ్య వదిన చేత సూర్యుడి కథ మళ్ళీ మొదలుపెట్టించింది. ఎలా వచ్చాడు, ఎంత ఎర్రగా ఉన్నాడు, మొహం మీద వేడి తెలిసిందా. వదిన కళ్ళు మూసుకుని మరీ చెప్తోంది. వింటుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది.

"మరి నీడ ఎటు పడిందమ్మా?" అంది అత్తయ్య. "బయట మన నీడ చూసుకుని ఎన్నేళ్ళయిందో. దీపం కింద పడేది నీడే కాదు."

"ఆయనకి ఎదురుగా నిలబడ్డానా పిన్నిగారూ, నా నీడ ఇదిగో ఇంత పొడుగున నా ముందు పడిందండీ, తివాచీ పరిచినట్టు."

అత్తయ్య నవ్వింది. "ఎదురుగా ఆయనుంటే నీడ వెనక్కి కదే పడేది!"

వదిన ఒక్క క్షణం ఆగి, తనూ పెద్దగా నవ్వేసింది. "ఆ సంతోషంలో ముందో వెనకో ఎవరు చూశారండీ! ఏడుస్తూనే ఉన్నాను కదా." అత్తయ్య ఆవిడ తల నిమిరింది. నేనూ నవ్వాను. నా నీడని ఎటు వెతుక్కోవాలో నాకు మాత్రం ఏం తెలుసు.

పంచమి

ఇవాళ్టిది రాయాలా వద్దా అనుకున్నాను. మా ఆయన చదివి నన్ను అనుమానప్పక్షి అంటారు. అన్నా సరే.

అత్తయ్యకి వేణ్ణీళ్ళు కావాలంటే కింది అంతస్తు భోజనాల గదికి వెళ్ళాను. అక్కడ వరంగల్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. ముసలాయన, ఆయన భార్య, కూతురు. వాళ్ళ మధ్య నాకు వీపు చేసి ఒక నీలం చీర.

"మా అమ్మగారిల్లు గూడ పరకాలనే చిన్నమ్మా. గట్లయితే మీరు నాకు మా అమ్మ చెల్లె వరసైతరు. పోయినేడు మా అక్కతోని అచ్చిన. సూర్యున్ని జూసి ఇద్దరం ఒకటే ఏడుపు."

గొంతు మా వదినది. భాష కాదు. గొల్లప్రోలు లేదు, మేనత్త లేదు, భర్త లేడు. నేను వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని స్తంభం పక్కనే నిలబడిపోయాను. ఆవిడ తిరిగి చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు. నా దగ్గరికొచ్చి, "మా ఆయన ఉద్యోగం హన్మకొండలోనే కదా వదినా, వాళ్ళ భాష వచ్చేసింది. ముసలాళ్ళు బెంగగా ఉన్నారు, ఊరడిద్దామని" అంది.

భర్తతో వచ్చావా, అక్కతో వచ్చావా అని అడగాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెప్తుంది. అది అబద్ధమని నాకు తెలిస్తే, ఎల్లుండి సంగతేంటి? ఎల్లుండి కోసమే కదా వచ్చింది. అడగలేదు. వేణ్ణీళ్ళు చల్లారిపోయాయని అత్తయ్య తిట్టింది.

షష్ఠి

సాయంత్రం అందర్నీ పిలిచి నల్ల కళ్ళజోళ్ళు ఇచ్చారు. కళ్ళని, కణతల్ని కూడా కప్పేసే రకం, వెనక పట్టీ ఉంది. పందిరి కింద పుట్టిన కళ్ళు నేరుగా సూర్యుణ్ణి చూస్తే పోతాయట. కాబట్టి రేపు గదుల్లోనే పెట్టుకుని పైకి రావాలి, కిందికి దిగేదాకా తియ్యకూడదు. అత్తయ్యకి పట్టీ వదులైతే వదిన కూర్చుని సూదితో కుట్టి సరిచేసింది.

వెళ్తూ వెళ్తూ కొంగు చాటు నుంచి ఒక పిడక తీసి అత్తయ్య చేతిలో పెట్టింది. "నిప్పు మాత్రం ఒప్పుకోలేదండీ పిన్నిగారూ. కరెంటు పొయ్యి పెట్టిస్తాను, తూర్పు వైపే. పిడక పక్కన పెట్టుకోండి, శాస్త్రానికి."

అత్తయ్య ఆ పిడకని రెండు చేతులా పట్టుకుని, కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత గుర్తుపెట్టుకోరు అంది. నిన్నటి నా అనుమానానికి నాకే సిగ్గేసింది. వదినకి ఆవకాయ పెట్టి పంపాను.

సప్తమి

తెల్లవారకముందే అత్తయ్య లేపేసింది. తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని ఆ ఉప్పునీళ్ళతోనే స్నానం చేయించుకుంది. పట్టుచీర కట్టించుకుంది. కళ్ళజోళ్ళు పెట్టుకుని, చీకట్లో ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెట్లెక్కాం. కళ్ళజోట్లోంచి ఏమీ కనపడదు. ఓడవాళ్ళే చేతులు పట్టి నిలబెట్టారు. ఎక్కడో శంఖం ఊదారు.

అప్పుడు వచ్చాడు. ముందు ఎర్రటి గీత. ఆ గీత ఉబ్బి, పగిలి, కుంకుమ ముద్దలా పైకి లేచాడు. లేస్తూ లేస్తూ బంగారమైపోయాడు. మొహానికి వేడి తగిలింది. నేనూ చూశాను, నేనూ ఏడ్చాను. అది రాయకపోతే ఈ పుస్తకంలో మిగతాది రాసే హక్కు నాకు లేదు. ఇంత అందమైనవాణ్ణి ఎలా కప్పేశారు అనుకున్నాను. జనం అంతా దణ్ణాలు, ఏడుపులు. అత్తయ్య నా చెయ్యి నలిపేస్తోంది.

"వచ్చాడే... వచ్చాడే నాయన! కనపడతన్నాడే నాకు! ఎంత స్పష్టంగా ఉన్నాడే!"

తర్వాత, "నా నీడ చూడవే. నేను మొహం తిప్పుకోలేను. నా వెనక పడిందా లేదా చూసి చెప్పు" అంది.

వెనక్కి తిరిగాను. తిరగ్గానే కళ్ళజోడు నల్లబడిపోయింది. లోపల చిన్న అక్షరాలు, తూర్పుకి తిరగండి అని. నీడ చూద్దామనే, ఇంకేమీ కాదు, వేలితో కళ్ళజోడు కింద అంచు కాస్త పైకెత్తాను.

కింద తడిసిన చెక్కలు. అత్తయ్య పాదాలు, పట్టుచీర అంచు. వెనక ఏమీ లేదు. ముందూ లేదు. ఎవరి వెనకా ఏమీ లేదు.

కళ్ళజోడు తీసేశాను. గంజి. ఇంటి దగ్గర డాబా మీద నిలబడితే ఎలా ఉంటుందో అదే ఆకాశం, అదే తెలుపు, ఎటు చూసినా పొగమంచు. కటకటాల వెంబడి ఇనుప గొట్టాలు ఎర్రగా కాలుతున్నాయి. మొహాలకి తగిలిన వేడి వాటిది. ఇంతమంది మనుషులు నల్లటి కళ్ళజోళ్ళతో ఆ ఇనుప గొట్టాల వైపు తిరిగి చేతులు జోడించి నిలబడి ఉన్నారు. వరంగల్ ముసలాయన సాష్టాంగపడ్డాడు. ఫొటోకి దణ్ణం పెట్టనన్న మా అత్తయ్య తలెత్తి, పెదాలు కదుపుతూ, చెంపల మీద కన్నీళ్ళతో నిలబడి ఉంది.

"చెప్పవేంటే? పడిందా?"

అంతలో ఎవరో పాలు పొంగాయని కేకేశారు. కరెంటు పొయ్యి మీద ఇత్తడి గిన్నె పొంగి పొర్లుతోంది. పక్కన పిడక. అత్తయ్య నా జవాబు సంగతి మరిచిపోయి, ఓడ మనిషి చెయ్యి పట్టుకుని అటు నడిచింది.

ఒక చెయ్యి వచ్చి నా కళ్ళజోడు తీసుకుని మళ్ళీ నా మొహానికి పెట్టబోయింది. "పెట్టుకో వదినా, కళ్ళు పోతాయి." ఆవిడ కళ్ళకి ఏమీ లేదు. ఉత్త కళ్ళతో నిలబడి ఉంది.

సప్తమి, మధ్యాహ్నం

అత్తయ్య చిక్కుడాకుల మీద పరమాన్నం పెట్టుకుని తిని నిద్రపోయాక సుభాషిణిని వెతుక్కుంటూ వెళ్ళాను. పడవల వెనక దొరికింది. తిట్టాలని వెళ్ళాను. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. దానికి ఇంకా కోపమొచ్చింది.

"నువ్వు నాకు వదినవి కాదు," అన్నాను.

"కాదు," అంది. "గొల్లప్రోలు ఎక్కడుందో కూడా నాకు సరిగ్గా తెలీదు."

"పందిరి అంచు?"

"ఉండేది. నేను ఎక్కే ముందే మూసుకుపోయిందట. ఎండలు మళ్ళీ ముదిరాయని అక్కడ కూడా చల్లేశారు. నేను మా ఆయన్ని తీసుకొచ్చాను, ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు. మా గదికీ పడవే. కళ్ళజోడు నేను కూడా తీశాను. గొడవ చేస్తే, దిగాక ఏం చేస్తావమ్మా, ఇక్కడే ఉండిపో, నీలా కలుపుగోలు మనుషులు మాకు కావాలి అన్నారు. ఆయన ఆ ఏడే పోయారు. నాకు వెళ్ళడానికి ఇల్లు లేదు."

"అయితే మా ఇల్లు దొరికిందా నీకు?"

ఆవిడ పడవ తాడు ముడి సర్దుతూ, "ఫొటోకి ఎవరూ ఏడవరు వదినా. చూసినవాళ్ళు పక్కన ఉండి, వస్తాడు, నేను చూశాను అని రోజూ చెప్తుంటేనే ఏడుస్తారు. మా పని అదే" అంది. "మీ అత్తగారి మొహం చూశావు కదా. వెళ్ళి చెప్పు, అబద్ధమని. నేను ఆపను."

నేను చెప్పనని ఆవిడకి తెలుసు. వారం రోజులు మాతో తిని, పడుకుని, నవ్వి తెలుసుకున్నది అదే. ఓడవాళ్ళు మోసం చేశారంటే వాళ్ళు వ్యాపారస్తులు, ఇడ్లీ తిన్నప్పుడే అర్థం కావలసింది. ఈవిడ అత్తయ్య కళ్ళజోడు పట్టీ కుట్టింది.

నవమి

అత్తయ్య ఓడ అంతా తిరిగి చెప్తోంది. కనపడినవాళ్ళందరినీ ఆపి, "నా కొడుకు చెయ్యలేనిది నా కోడలు చేసిందండీ" అంటోంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ నోట నేను విన్న మొదటి మెప్పు. ఈ మాట కోసం ఒకప్పుడు ఎంత చాకిరీ చేశాను! ఇప్పుడు ఆవిడ అంటుంటే చెంప మీద కొట్టినట్టుంది.

మిగతావాళ్ళలో కూడా కొందరు కళ్ళజోడు ఎత్తి చూసే ఉంటారు. నాకు వాళ్ళు తెలిసిపోతున్నారు. అందరితో పాటు చూశాం, చూశాం అంటూనే మన కళ్ళలోకి చూడరు. పక్కింటివాళ్ళకి ఏం చెప్పాలో ఇప్పటినుంచే అభ్యాసం చేస్తున్నారు. నేనూ వాళ్ళ పక్కనే కూర్చుని ఆవకాయ వడ్డిస్తున్నాను.

ఏకాదశి

రేవుకి వచ్చేశాం. మేం దిగే దారికి పక్కనే, తాడుకి అవతల, ఎక్కడానికి వచ్చినవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. రథసప్తమి అయిపోయినా ఓడ ఆగదు. మహాశివరాత్రి, ఉగాది, ఏదో ఒకటి ఉంటుంది. సుభాషిణి అప్పుడే అటు వెళ్ళిపోయింది. ఇవాళ ఆకుపచ్చ చీర. ఎవరిదో సంచి అందుకుంటోంది.

అత్తయ్య తాడు దగ్గర ఆగి, "చూశాం తల్లీ! కళ్ళారా చూశాం! ఎక్కండి, ఎక్కండి!" అని కేకలేస్తోంది. ఓడవాళ్ళు ఎన్ని ప్రకటనలు వేసినా ఆ మొహానికి సాటి రాదు. జనం ఆవిడ పాదాలకి దణ్ణం పెడుతున్నారు.

వరసలో ఒక అమ్మాయి భర్తని చక్రాల కుర్చీలో తోసుకొస్తోంది. అతను ఎముకల గూడులా ఉన్నాడు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నిజంగా కనపడతాడా? ఈయనకి ఎక్కువ రోజులు లేవన్నారు. ఉన్న నాలుగు రోజులూ ఇంటి దగ్గరే ఉండిపోవాలా, ఇలా తీసుకెళ్ళాలా అని నాకు తేలడం లేదు."

ఆ అమ్మాయి వెనక సుభాషిణి నా వైపే చూస్తోంది. అత్తయ్య నా పక్కనే ఉంది. నేను గొంతు తగ్గించాను గానీ, చూపు పోయేవాళ్ళకి చెవులు ఎంత పనిచేస్తాయో ఇంట్లో రోజూ చూస్తూ కూడా మరిచిపోయాను.

"ఇంటికి తీసుకెళ్ళిపోమ్మా. అక్కడ సూర్యుడు లేడు. కళ్ళజోట్లో బొమ్మ. నమ్మకపోతే కళ్ళజోడు ఎత్తి కాళ్ళ దగ్గర చూసుకో, నీడ పడదు."

ఆ అమ్మాయి నన్ను చూసింది. తర్వాత అత్తయ్యని చూసింది.

"పెద్దావిడ చూశానంటున్నారు కదండీ," అంది. నా చెయ్యి వదిలేసి కుర్చీ ముందుకి తోసింది. ఆకుపచ్చ చీర ఎదురొచ్చి, రా చెల్లీ, జాగ్రత్త అంటూ కుర్చీకి రెండో వైపు పట్టుకుంది.

"ఏవన్నావే?" అంది అత్తయ్య.

నేను సంచి ఎత్తుకుని ఆవిడ చెయ్యి నా భుజం మీద వేసుకున్నాను.

"నీకు కనపడకపోతే నాకూ కనపడలేదంటావేంటే? నేను చూశాను." నా భుజం మీంచి చెయ్యి తీసేసింది. గోడ పట్టుకుని, కర్ర తాటిస్తూ, ఒక్కతే దిగింది.

మాఘ బహుళ తదియ

ఇంటికొచ్చి వారమవుతోంది. మా ఆయనకి నేనేమీ చెప్పలేదు, ఈ పుస్తకం కూడా ఇంకా ఇవ్వలేదు. అమ్మ ఏంటి అలా ఉందని అడుగుతున్నారు. ప్రయాణం బడలిక అన్నాను. అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది, మంచం దగ్గర నీళ్ళు పెడితే తాగుతుంది. పక్కింటావిడ వచ్చి సూర్యుడు ఎలా ఉన్నాడండీ అని అడిగితే గోడ వైపు తిరిగి పడుకుంది. ఓడ మీద అందర్నీ ఆపి చెప్పిన మనిషి. ఆ అమ్మాయిని ఆపలేకపోయాను, ఈవిడ దగ్గర ఉన్నది మాత్రం పోగొట్టాను. నిజం చెప్పినందుకు నాకు దక్కింది ఇదీ.

బహుళ నవమి

ఇవాళ కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళూ పూర్తిగా పోయాయట. ఉగాది దాకా కూడా ఆగలేదు. దీపం వేసినా ఆర్పినా తేడా తెలియడం లేదంది. డాక్టరు ముందు ఏడవలేదు. ఇంటికొచ్చి పట్టుచీర తీసి ఇమ్మంది. అది ఒళ్ళో పెట్టుకుని అంచు తడుముతూ చాలాసేపు కూర్చుంది. నేను గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్నాను.

"సత్యవేణీ," అంది. ఓడ దిగాక నన్ను పిలవడం అదే మొదటిసారి. ఎప్పుడూ 'ఏమే' అనడమే గానీ, పేరు పెట్టి పిలవడం నాకు గుర్తులేదు.

"ఏంటండీ అత్తయ్యా."

"ఆ రోజు నిన్ను ఒకటడిగాను. పాలు పొంగాయన్నారు, నువ్వు చెప్పలేదు. ఇప్పుడు చెప్పు. నా నీడ పడిందా?"

నేను చేట పక్కన పెట్టేశాను. తడిసిన చెక్కలు, ఆ పాదాలు, చీర అంచు, చుట్టూ ఏమీ లేకపోవడం, అన్నీ కళ్ళ ముందు ఉన్నాయి.

"పడిందండీ," అన్నాను.

"ఎటు?"

"మీ వెనక్కి. పొడుగ్గా పడింది. నా కాళ్ళ మీదకి కూడా వచ్చింది."

అత్తయ్య చీర అంచు వదిలింది. మొహం మెల్లగా విచ్చుకుంది. ఓడ మీద చూసిన మొహమే. "ఆఁ. వెనక్కే పడుద్ది," అంది. తర్వాత, కాస్త కాఫీ పెట్టి తగలడు, నోరు చేదుగా ఉందంది.

కాఫీ పెట్టి ఇచ్చాను. నీడ ముందో వెనకో తెలియక సుభాషిణి దొరికిపోయింది. నేను దొరకలేదు. రాత్రికి మా ఆయనకి ఈ పుస్తకం ఇస్తాను. ఆయన చదివి నోరు మూసుకుంటారు. అత్తయ్య ఎప్పటికీ చదవలేదు.